చుట్టిన పలుపు

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. కంభంలో బస్సెక్కితే నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. నాటకాలు రాసి, పల్లెల్లో రైతులతోనే ఆడిస్తాడంట. కంపెనీ లేదు, తెర లేదు, టిక్కెట్టు లేదు.

"కరువులో ఎద్దును అమ్ముకునే రైతు కథ అన్నా," అన్నాడు. "అమ్మేటప్పుడు ఆయన ఏడ్చేదానికి నాలుగు పేజీలు రాసినా. మొదటి ఆటలో రైతు వేషం కట్టిన మావాడు మాటలన్నీ మరిచిపోయినాడు. ఎద్దు మెడలో పలుపుతాడు విప్పి, చుట్టుకొని, భుజాన ఏసుకొని పోయినాడు. జనం కూర్చున్నచోటి నుంచి కదల్లేదు."

మా పక్క ఎద్దును అమ్మినా పలుపు ఇయ్యరు. కొన్నవాడు కొత్తది తెచ్చుకోవాల్సిందే.

"మరి ఆ నాలుగు పేజీలు?"

"కొట్టేసినా. అవి ఉంటే పలుపు ఎవరికి కనపడుతుంది?"

తాను రాసిందాన్ని అంత తేలిగ్గా వదులుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఎట్ల చుట్టినాడో చూపిస్తానని భుజం మీది తువ్వాలు తీసి, మెల్లగా చేతికి చుట్టడం మొదలుపెట్టినాడు. బస్సులో చానామంది ఇటు తిరిగినారు. ఎదురుసీట్లో, సంత నుంచి వస్తున్న ముసలాయన మాత్రం కిటికీ వైపు తిరిగినాడు. ఆయన ఒళ్లో చుట్టిన పలుపు ఉంది.

నాటకాలాయన అది చూసినాడు. చెయ్యి సగంలో ఆపేసి, తువ్వాలు భుజాన వేసుకొని, పోయి ముసలాయన పక్కన కూర్చున్నాడు.

"ఎద్దు పేరేంది మామా?" అని అడిగినాడు.

మార్కాపురం వచ్చేదాకా మాట్లాడింది ముసలాయనే.