కొలిచి పెట్టిన దాణా

నా భార్య చనిపోయింది. ఇవాళ పదో రోజు.

చివరి రోజు ఉదయం జావ రెండు చెంచాలు తాగింది. మూడోది వద్దంది. పిట్టలకు నీళ్లు మార్చావా అని అడిగింది. మార్చానన్నాను. ఊరి నుంచి వచ్చిన వాళ్ల చెల్లెలు తల దువ్వింది. మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించాక నిద్రపోయింది. ఆ నిద్రలోనే ఊపిరి మెల్లగా తగ్గి ఆగింది. నర్సు వచ్చి చూసి మంచం పక్కనున్న మిషను ఆపింది. నేను ఆమె కళ్లద్దాలు జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

ఇది చదివే మీలో కొందరికి ఆమె కోళ్ల మేడంగా తెలుసు. ఇక్కడ మనామా బయట, సఖీర్ వైపు ఒక ల్యాబులో పని చేసేది. అవి కోళ్లు కావు, కౌజు పిట్టలు అని ఎంతమందికి చెప్పిందో. ఒకే రోజు పొదిగిన పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు దాణా తిన్నంత పెట్టేవారు. రెండో గుంపుకు కొలిచి పెట్టేవారు. తిన్నంత తిన్నవి తొందరగా ఎదిగాయి, తొందరగా గుడ్లకు వచ్చాయి, తొందరగానే ఈకలు రాలి ముసలివయ్యాయి. కొలిచి పెట్టినవి ఆలస్యంగా ఎదిగి, ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఎందుకలా అన్నదే ఆమె పని.

నేను కట్టడాల కంపెనీలో ఇంజనీరును. నాకు అర్థమయ్యేలా ఒకసారి అన్నం తింటుండగా చెప్పింది.

"తిండి కడుపు నింపుడే కాదు, ఒంటికి కబురు గూడ చెప్తది. మీ సైటు మీద సామాన్ దండిగ దిగితే ఏం చేస్తరు?"

"అంతస్తులు లేపుతాం."

"రిపేర్లు?"

"అప్పుడెవడు చూస్తాడు."

"గంతే. సామాన్ తక్కువొచ్చిననాడు పగుళ్లు పూడ్చుకుంటరు. కణం గూడ గంతే. మాంసకృత్తులు దండిగున్నయన్న కబురు అందితే ఎదుగుతనే ఉంటది. తగ్గినయంటే మరమ్మతుకు దిగుతది."

ఆ తర్వాత సైటు మీద ఖాళీగా ఉన్న మేస్త్రీని కసరడానికి నాకు నోరు రాలేదు.

ఒక శుక్రవారం మామీర్ లేబర్ క్యాంపులో మనవాళ్లు భోజనానికి పిలిచారు. ఆమె పని గురించి విన్న నిజామాబాద్ అతను, వడ్డన ఆపి అడిగాడు.

"మేడం, గట్లయితే మేము సగం కడుపుకు తింటే నూరేండ్లు బతుకుతమా?"

పక్కనతను అందుకున్నాడు. ఎడారి దేశం ఏదైనా మనవాళ్లకు దుబాయే. "నూరేండ్లు ఈ దుబాయిలనేనా? నాకొద్దురా. ఇంకో గంటె ఎయ్యి."

అందరితో పాటు ఆమె నవ్వింది. నవ్వి, మొదటి అతనితో నెమ్మదిగా అంది. "పిట్ట పంజరంల నీడకు కూసుంటది తమ్మీ. నువ్వు ఎండల ఇనుము మోస్తవు. నువ్వు తగ్గిస్తే అది పస్తు, కొలత కాదు. కడుపు నిండ తిను."

తిరుగు దారిలో కారు మనామా దగ్గర పడుతుండగా అంది. "చూసేటోళ్లకు పస్తు, కొలత ఒక్కతీరే కనవడ్తయి."

ల్యాబులో ఆ పని ముగిశాక, కొలిచి పెట్టిన గుంపులో మిగిలిన ముసలి పిట్టల్ని అనుమతి తీసుకుని ఇంటికి తెచ్చింది. డాబా మీది గదికి ఏసీ పెట్టించింది. ఎందుకని అడిగితే, "ఎన్నడిదాక బతుకుతయో చూడాలె" అంది. అంతకు మించి కారణం చెప్పలేదు. రోజూ ఉదయం వాటి దగ్గర చాలాసేపు ఉండేది. నాకు రెక్కల చప్పుడు పడదు. గుమ్మం దగ్గరే నిలబడి టీ తాగేవాణ్ణి.

జబ్బు ముదిరాక దాణా పెట్టడం నా మీద పడింది. ఆమె గిన్నె చూపించింది. నేను గిన్నెతో కొలిచి, పంజరం కంతలోంచి పోసి వచ్చేవాణ్ణి. సాయానికి వచ్చిన మరదలు మొదటి రోజే అంది. "పగోళ్లకు గూడ గింత గింత పెట్టరు బావా." ఆమె మంచం మీంచే చెల్లెల్ని పిలిచి, తలుపు వేయించి ఏదో మాట్లాడింది. మళ్లీ మరదలు ఆ మాట ఎత్తలేదు.

ఆమె పోయాక, ల్యాబులో ఆమెతో పని చేసినాయన ఫోన్ చేశాడు. పిట్టల్ని తీసుకెళ్లి ఫారంలో మిగతా వాటితో కలిపేస్తామన్నాడు. అక్కడ దాణా తిన్నంత. ఆమె అడిగిన ప్రశ్న ఆ రోజుతో ఆగిపోతుంది. నాకు ఆ సంగతి తెలుసు. అయినా రేపు రమ్మన్నాను. నాతో అయ్యే పని కాదనుకున్నాను.

ఇవాళ ఉదయం డాబా మీద పిట్టకు పెట్టాం, అంటే ఆమె పేర కాకికి వడ్డించాం. అరటాకులో జొన్నరొట్టె, బెండకాయ కూర, పచ్చిపులుసు. పక్కన చాయ్. పక్క మేడ నీళ్ల ట్యాంకు మీద కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు. పోయినవాళ్ల మనసులో ఏదో కోరిక మిగిలితేనే కాకి ముట్టదంటారు. అదేమిటో కనిపెట్టి గట్టిగా మాటిస్తారు. పిల్లలు లేని ఇంట్లో ఏ మాట ఇవ్వాలో ఎవరికీ తోచలేదు.

"అక్కా, అమ్మను నేను అరుసుకుంట. రంది పెట్టుకోకు," అంది మరదలు. కాకి కదలలేదు.

"అక్కా, బావను గూడ మంచిగ చూసుకుంటం."

కాకి అటు తిరిగి కూర్చుంది. కింది ఫ్లాటులో ఉండే హైదరాబాద్ భాయ్ మెల్లగా అన్నాడు. "మేడంకు వేరే ఏదో ఫికర్ ఉంది సాబ్."

మరదలు నా వైపు చూసింది. "పిట్టల ముచ్చటే. నువ్వు రేపు పంపుతున్నవు గదా."

"ఎంత పెట్టాలో గిన్నె ఉంది కాబట్టి పెట్టాను. బతికించడం నాకు చేతకాదు."

"గిన్నె చూసి పెట్టుడు కాదు బావా, పిట్టను చూసి పెట్టుడు. తలుపు ఏయించిన దినం నాకు చెప్పింది. పొద్దుగాల ఒక్కొక్కదాన్ని పట్టుకొని రొమ్ము ఎముక మీద బొటనేలు రాయాలె. కత్తి లెక్క తగిల్తె ఇంత ఎక్కువ పెట్టాలె. అసలే తగల్లేదంటె తగ్గియ్యాలె."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పంజరంల చెయ్యే పెట్టవట. నవ్వింది. బలిమి చెయ్యొద్దన్నది."

నేను ఆకు ముందు నిలబడ్డాను.  "పిట్టలు ఇక్కడే ఉంటాయి," అన్నాను.

కాకి రాలేదు. కాసేపటికి గోరింక ఒకటి దిగి రొట్టె ముక్క ఎత్తుకుపోయింది. ఇది చెల్లుతుందా అని భాయ్ అడిగాడు.

"ఎడారిల ఏది దొరికితె అదే," అంది మరదలు. కళ్లు తుడుచుకుంటూ ఆకు మడిచింది.

ల్యాబు ఆయనకు ఫోన్ చేసి రావద్దని చెప్పాను. మరదలు ఎల్లుండి జగిత్యాల వెళ్లిపోతుంది. రేపు ఉదయం ఎండెక్కక ముందే నేను పంజరం తలుపు తీస్తాను. అన్నిటికంటే ముసలి పెట్టను చేతిలోకి తీసుకుంటాను. రెక్కలు కొట్టుకుంటుంది. అది కుదురుకునే దాకా పట్టుకుని ఉంటాను. దాణా ఆ తర్వాత.