మల్లెల కట్టు

పాప పోయినా పాలు ఆగలేదు. అలా జరుగుతుందని నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్ళం. నేను, మా ఆయన, మా అత్తమ్మ. ఆయనకు ఆబిడ్స్‌లో గుమాస్తా పని. ఆ ఎండాకాలం, పాప అప్పుడప్పుడే కూర్చోవడం నేర్చుకుంటుండగా జ్వరం వచ్చింది, తగ్గలేదు. ఇంతకంటే రాయలేను.

కడుపుతో ఉన్నప్పుడే నా రొమ్ములు మారడం మొదలైంది. రవికెలు బిగుతైపోతే అత్తమ్మ కుట్లు విప్పి, పక్కల గుడ్డ కలిపింది. చర్మం కింద నరాలు పచ్చగా తేలాయి. మొనల చుట్టూ నలుపు పెరిగింది. పుట్టాక పాప ఎడమ వైపే తాగేది. కుడి వైపు పెడితే మొహం తిప్పుకునేది.

"రెండు దిక్కుల పట్టు బిడ్డా. లేకుంటే ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ అయితది" అనేది అత్తమ్మ.

అలాగే అయింది. అద్దంలో చూసుకుని నవ్వుకునేదాన్ని.

పాప పోయాక ఆ ఎడమదే ముందు గట్టిపడింది. ముట్టుకుంటే వేడి. గోడ అవతల పక్కింటి ముసలమ్మ పసి మనవడు ఏడిస్తే చాలు, రవికె తడిసేది. కూర్చోలేను, పడుకోలేను. వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానో మరిచి, మళ్ళీ ముందుగదిలోకి వచ్చేదాన్ని. బాలింతల కోసం రాసిన పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది. పాలు పడటానికి ఏం తినాలో అందులో ఉంది. తాగే బిడ్డ లేనప్పుడు ఏం చేయాలో లేదు. చూసిన పేజీలే మళ్ళీ చూశాను.

అత్తమ్మ కొడుకుతో, "సాయంత్రం వచ్చేటప్పుడు మల్లెపూలు పట్కరా" అంది. రొమ్ములకు మల్లెలు కడితే పాలు ఎండుతాయని పెద్దవాళ్ళ నమ్మకం. ఆయన మోదుగాకు పొట్లం తెచ్చి, అలవాటు కొద్దీ నా వైపు చాపి, ఆగి, వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు. ఆమె పూలు పరిచి, పాత పంచె ముక్కతో నా ఛాతీ చుట్టూ బిగించి కట్టింది. ఒంటి వేడికి పూలు మగ్గిపోయేవి. వాటిని తీసి కొత్తవి పెట్టేది. ఇల్లంతా ఆ వాసనే.

ఒకరోజు పక్కింటి ముసలమ్మ వచ్చి గడపలోనే నిలబడింది.

"ఏందొదినా, నీ కొడుకు దినాం పూల పొట్లం తెస్తుండు? పిల్ల పోయి నెలన్న గాలే. కోడలుకు గప్పుడే సింగారమా?"

"ఔ, సింగారమే. లోపలికి రా, ఏడ పెట్టిన్నో చూద్దువు" అంది అత్తమ్మ. నన్ను అడగకుండానే కొంగు తొలగించింది.

ముసలమ్మ చూసింది.

"గింత బిగ్గ కట్టినవేంది? గడ్డ లేస్తది" అంది. దగ్గరికి వచ్చి ముడి విప్పి, తనే మళ్ళీ వదులుగా కట్టింది.

వాళ్ళిద్దరికీ తెలియనిది ఒకటుంది. మధ్యాహ్నం అత్తమ్మ కునుకు తీసేటప్పుడు నేను కట్టు విప్పి, పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో ఎడమ వైపు పాలు పిండేదాన్ని. పిండితే మళ్ళీ వస్తాయని తెలుసు. ఉయ్యాల విప్పేశారు. బట్టలు ఎవరికో ఇచ్చేశారు. ఆ పిల్ల కోసం వచ్చినవాటిలో ఇక మిగిలినవి ఈ పాలే. అవి ఆగకూడదనుకున్నాను. ఒంట్లో జ్వరం మొదలైనా మానలేదు.

ఒకనాడు అత్తమ్మ లేచి వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాను.

"తీస్తుంటె పాలు వస్తనే ఉంటయి బిడ్డా. పిల్ల తాగుతుందనుకుంటది ఆ రొమ్ము. దానికేం ఎరుక?"

"ఎరుక లేకుంటేనే మంచిది కదత్తమ్మా?"

"దానికి మంచిదే. నీ ఒళ్ళు కాలుతుంది. నువ్వు గూడ పోతె నా కొడుకుకు ఏం జెప్పాలె?"

సాయంత్రం ఆమె పొట్లం నా పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు పొట్లం ముట్టుకోలేదు. తర్వాత నేనే కట్టుకున్నాను. పెరట్లోకి మళ్ళీ వెళ్ళలేదు.

జ్వరం తగ్గింది. గట్టిదనం పోయి రొమ్ములు వాలిపోయాయి. కడుపు రాకముందు కుట్టించుకున్న రవికె తీసి తొడిగితే, పక్కలు పట్టేసి ముందు భాగం ముడతలు పడింది. పాలిస్తే జారతాయని అందరూ అంటారు. ఆ మార్పు చాలావరకు కడుపుతో ఉన్నప్పుడే జరుగుతుందని ఎన్నో ఏళ్ళకు చదివాను. తర్వాత పుట్టిన మగపిల్లలిద్దరూ రెండు వైపులా తాగారు. ఎడమది మాత్రం ఇప్పటికీ కుడిదానికంటే కిందికే ఉంది.

కట్టు తీసేసిన రోజు గోడ అవతల పక్కింటి మనవడు ఏడ్చాడు. చేతిలో పని వదిలి నిలబడ్డాను. రవికె మీద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. ఇంతలో వాణ్ని ఎవరో ఎత్తుకున్నారు. మళ్ళీ ఏడుస్తాడేమోనని నేను గోడ దగ్గరే ఉండిపోయాను.