అవ్వ ఎరువుతో వేసిన రోడ్డు

ఆ రోజుల్లో ఊళ్ళను బాగుచేయడానికి పది రోజులు చాలని నేను గట్టిగా నమ్మేదాన్ని. పది రోజులంటే మా కాలేజీ వాళ్ళు ఏటా పల్లెల్లో పెట్టే సేవా శిబిరం అన్నమాట. తిరుపతిలో పుట్టి, చేతికి మట్టంటకుండా పెరిగి, డిగ్రీ రెండో సంవత్సరంలోకి వచ్చేసరికి నేను ముప్పైమంది పిల్లలకు నాయకురాలినయ్యాను. ఎలా అయ్యానంటే, "లీడరుగా ఎవరుంటారు?" అని సారు అడగడం పూర్తికాకముందే చెయ్యెత్తేశాను. మిగతావాళ్ళు బహుశా ఆలోచిస్తూ ఉండిపోయారు. (నాకా జబ్బు లేదు.)

శిబిరం ఐరాల దగ్గర ఒక చిన్న పల్లెలో. మొదటి రెండు రోజులు గోడల మీద నినాదాలు రాశాం. ఊరి మొదట్లో ఒంటరిగా ఉండే ఒక అవ్వ ఇంటి గోడ నున్నగా కనిపిస్తే, 'నేత్రదానం మహాదానం' అని మూరెడేసి నీలం అక్షరాలతో నేనే రాశాను. అవ్వ పక్కనే నిలబడి, "ఏందో రాస్తుండారు, బాగుంటాదిలే" అని అందరికీ మజ్జిగ పోసింది. మూడో రోజు పొద్దున్నే ఆమె ఇరుగుపొరుగుతో కలిసి పక్కూళ్ళో పెళ్ళికి వెళ్ళింది. ఊళ్ళో సగంమంది ఆ పెళ్ళికే పోయారు, మిగతా సగం చేలకు పోయారు. సరిగ్గా ఆ రోజే నా తెలివి వికసించింది.

అవ్వ ఇంటి పక్కన నడుమెత్తు చెత్తకుప్ప ఉండేది. ఊళ్ళోంచి బస్సు రోడ్డుకు పోయే దారి నిండా గుంతలు. ఆ చెత్త ఎత్తి ఈ గుంతల్లో పోస్తే ఒక దెబ్బకు రెండు పిట్టలు! పైగా మరుసటి రోజు మా శిబిరం చూడడానికి పెద్ద అధికారి ఒకాయన వస్తున్నారు. ఇంక నన్ను పట్టేదెవరు? పిల్లల్ని వరసగా నిలబెట్టాను, గంపలు చేతులు మారాయి, మధ్యాహ్నానికి కుప్ప మాయమైంది. కుప్ప ఉన్నచోట నీళ్ళు చల్లించి ముగ్గు కూడా వేయించాను. దారి నల్లగా, మెత్తగా తయారైంది. సారు దాని మీద నాలుగడుగులు వేసి, "శభాష్, పరుపు మీద నడిచినట్టుందమ్మా" అన్నారు. (ఆయనా పట్నంవాడే.)

మాలో పశువుల సంగతి తెలిసినవాడు ఒక్కడుండేవాడు. ఇంట్లో నాలుగావులున్న పలమనేరు అబ్బాయి. వాడికి ఆ రోజు వంట డ్యూటీ వేసింది కూడా నేనే.

సాయంత్రం పెళ్ళికి పోయినవాళ్ళు బస్సు దిగి ఊళ్ళోకి నడుస్తున్నారు. అవ్వ నాలుగడుగులు వేసి ఠక్కున ఆగిపోయింది. వంగి, కిందనుంచి పిడికెడు తీసి, కళ్ళ దగ్గర కాదు, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది నా ఎరువు దిబ్బ గదా! ఈ బూడిద, ఈ ఏపాకు నేను కలిపిందే. ఇది ఈడికెట్టా వచ్చింది?"

నేను మెప్పు కోసం ఎదురెళ్ళాను. "మేమే అవ్వా! మీ ఇంటి పక్కనున్న చెత్తంతా ఎత్తేసినాం."

"సెత్తా?" అంది అవ్వ. "ఏడాది పొడుగూతా రెండావుల పేడ మే అది! నాకుండేదే అరెకరా. ఎల్లుండి టమాటా నారు నాటాల. ఏమేసి నాటేది? నీ రంగు డబ్బాలు ఏసి నాటేదా?"

గరిటె చేత్తో పట్టుకుని బయటికొచ్చిన పలమనేరు అబ్బాయి దారిని చూసి, "ఓరి నాయనో! ఎంత పని జేసినారబ్బా!" అని తల పట్టుకున్నాడు. అవ్వ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిట్టినా బాగుండేది. అప్పుడే కాణిపాకం వైపు మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడిందంటే అవ్వ పంట బలమంతా కొట్టుకుపోయి వంకలో కలుస్తుంది.

సారు నన్ను పక్కకు పిలిచి, "రేపు ఆఫీసరు చూసిపోనీమ్మా, తర్వాత ఎత్తి ఇచ్చేద్దాం" అన్నారు. "వాన ఆగదు గదా సార్" అన్నాను. ఆ శిబిరంలో నేనన్న మొదటి తెలివైన మాట అదే.

నా నాయకత్వం అక్కడితో ముగిసింది. పలమనేరు అబ్బాయి గరిటె పక్కన పెట్టి పెత్తనం తీసుకున్నాడు. "పారలొద్దు, మన్ను గూడా వస్తాది, సేతుల్తో తియ్యండి!" అని అరుస్తూంటే ముప్పైమందిమీ గుంతల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాం. పెళ్ళి నుంచి వచ్చిన ఆడవాళ్ళు పట్టుచీరలు ఎగదోపి మా పక్కన చేరారు. గంపలు ఈసారి నేరుగా అవ్వ చేనికే వెళ్ళాయి. చివరి గంప చేన్లో పడేసరికి చినుకులు మొదలయ్యాయి. మరుసటి రోజు అధికారి జీపు గుంతల్లో ఎగిరెగిరి వచ్చింది.

నారు నాటే రోజున అడక్కుండానే అందరం చేనికి వెళ్ళాం. (అడక్కుండా చేసిన పనుల్లో బాగుపడింది అదొక్కటే.) అక్కడ గట్టు మీద కూర్చుని, "అవ్వా, నిజంగా నీకేం కావాల?" అని అడిగాను.

"ఇప్పుడడిగినావా! కండ్లు కావాల మే" అంది నవ్వుతూ. "రెండేండ్లుగా పొగ కమ్మినట్టుండాది. సిత్తూర్లో ఊరికే ఆపరేషన్ జేస్తారంట, బస్సు గూడా వాళ్ళదేనంట. తోడుగా ఒక మనిషి ఉండాలన్నారు. పనులిడిసిపెట్టి నాకాడ ఉండేదానికి ఎవరుండారు?"

సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె గోడ మీద కళ్ళ గురించి మూరెడేసి అక్షరాలు రాసిన నేను, ఆమె కళ్ళవంక ఒక్కసారి చూడలేదు. డాక్టర్లున్నారు, మందులున్నాయి, బస్సుంది. ఆ బస్సులో ఆమె పక్కన కూర్చునే మనిషి లేక అదంతా రెండేళ్ళు ఆగిపోయింది. శిబిరం ముగిసిన వారానికి నేనే చిత్తూరు తీసుకెళ్ళాను. "ఈమెకు మీరేమవుతారు?" అని నర్సు నన్ను అడిగింది. "నా దిబ్బ ఎత్తిన పిల్ల" అని అవ్వే జవాబిచ్చింది. ఈ రోజు తిరుపతిలో నేను చేస్తున్న ఉద్యోగం కూడా అదే, ఒంటరి ముసలివాళ్ళకు ఆస్పత్రి తోడు కుదర్చడం. ఇంతకంటే పెద్ద పని ఉందంటే నేను ఒప్పుకోను.

కట్టు విప్పిన రోజున అవ్వ నన్ను పైనుంచి కిందికి తేరిపార చూసింది. "నువ్వా మే! నీ గొంతు ఇని ఏనుగంత ఉంటావనుకుంటి. పుల్ల మాదిరి ఉండావే, అంత దిబ్బ ఎట్టా మోసినావు?"

"నేను మోయలేదవ్వా, మోయించినాను" అని ఒప్పుకున్నాను.

ఇప్పుడు అద్దంలో చూసుకుంటే అవ్వ ఊహించిన ఆకారానికి బాగా దగ్గరపడ్డాను. ఆ పుల్లలాంటి పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ఎంత పొగరు ఎంత పొగరు అనిపిస్తుంది. కానీ ఆ పిల్ల మీద నాకు కోపం రాదు. అది ఆ రోజు అంత తప్పు పని చేయకపోయుంటే, నేను ఆ బస్సులో అవ్వ పక్కన కూర్చునేదాన్నే కాదు.