జోగమ్మ పెట్టిన గుర్తు

మా చిన్నప్పుడు... మరీ చిన్నప్పుడేం కాదు, తొమ్మిదో తరగతి... ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ గేటు తీయగానే, మా క్లాసు జోగమ్మ నేరుగా దుమ్ముగూడెం బజారులో మా నాన్న నడిపే నెట్ సెంటర్‌కి వచ్చేసేది. గుమ్మం దగ్గర గోనెపట్టాకి కాళ్ళు తుడుచుకుని మూడో నంబరు కంప్యూటర్ ముందు కూర్చునేది. ఆ కుర్చీ నాది. లేచి ఇవ్వడానికి నాకు ఏనాడూ మనసొప్పలేదు.

అప్పట్లో నేనొక ఆన్‌లైన్ గుంపుకి యజమానురాలిని. నవ్వకండి... కంప్యూటర్ గేముల్లో తయారుచేసినవాళ్ళు చూసుకోకుండా వదిలేసిన తప్పులుంటాయి కదా, మనిషి గోడలోంచి దూరిపోవడం, బండి గాల్లో నిలబడిపోవడం... అవి వెతికి ఒకరికొకరు చూపించుకునే పిచ్చివాళ్ళ గుంపు. పేరు 'గేముల్లో లొసుగులు'. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని తీసేయాలో అంతా నా చేతిలోనే. లెక్కల్లో ఏనాడూ ముప్పై దాటని నాకు అదే పెద్ద పదవి.

కానీ లొసుగులు మాత్రం నాకు దొరికేవి కావు... జోగమ్మకి దొరికేవి. జీపు గేమ్ పెడితే మేమంతా రేసు గెలవాలని చూసేవాళ్ళం. ఆమె రేసు వదిలేసి, రోడ్డు దిగి, గోడ వెంబడే మెల్లగా తడుముకుంటూ పోయేది. బీడీలు చుట్టే తునికాకు కోయడానికి అడవికి పోయినా అంతేనట. "దారి మీది ఆకు అందరికీ కనవడుద్ది. దారి దిగితెనే మనకు" అనేది.

ఆమె చెప్పేది, నేను టైపు చేసి 'ఇది జోగమ్మ కనిపెట్టింది' అని పెట్టేదాన్ని. మొదట్లో నిజాయితీగానే పెట్టాను. రాను రాను ఎవరు రాసినా అదే... 'ఈ వారం జోగమ్మ ఏం పట్టుకుంది?' 'జోగమ్మ గారు కనబడటం లేదేం?' ఒకాయనైతే గుంపుని ఆమెకే అప్పజెప్పమని రాశాడు. నాకు కడుపు మండిపోయింది. కంప్యూటర్ మాది, కరెంటు మాది, గుంపు నాది... పేరు మాత్రం ఆమెది. ఆమె జడలో కనకాంబరాలు చూసినా కుళ్ళొచ్చేది నాకు. "ఆ పిల్ల వస్తే చాలు, మొహం గంటు పెట్టుకుంటావేంటే" అని మా అమ్మ కూడా కనిపెట్టేసింది.

ఆ మధ్యే ఒకసారి జోగమ్మ నన్ను వాళ్ళ ఊరికి తీసుకెళ్ళింది. అడవి దారిలో ఒక చెట్టు మొదలుకి గడ్డితో ముడి వేసి ఉంది. ఏంటని అడిగాను.

"పైన తేనెపట్టు ఉంది. ఎవరో చూసుకుండ్రు. ఇంకా నిండలే, నిండినంక వస్తరు."

ఈలోపు ఇంకెవరైనా కొట్టుకుపోతే? అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"గుర్తుంది గదా. ఎట్ల తీస్తరు?"

పట్టు పెద్ద ఎత్తులో కూడా లేదు. మా వీధిలో అయితే జామకాయ దోరకి రాకముందే మాయమైపోతుంది.

తర్వాత ఒక ఆదివారం... జీపు గేమ్‌లో ఆనకట్ట దగ్గర జోగమ్మ బండిని వెనక్కి పోనిస్తుంటే, అది గోడలోకి సగం దూరిపోయింది. ఇద్దరం తెర మీదికి వంగాం. సరిగ్గా అప్పుడే హాస్టల్ టైమైంది. ఆలస్యమైతే వార్డెన్ ఊరుకోదు. ఆమె జీపుని బయటికి తీసి, ఆ సందుకి అడ్డంగా నిలబెట్టి, లైట్లు వేసి, గేమ్ సేవ్ చేసింది. "గుర్తు పెట్టిన. మళ్ళ ఆదివారం లోపలికి పోదాం, ఇద్దరం" అని పరుగెత్తింది.

సోమవారం స్కూల్ నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా అదే తెరిచాను. జీపు అడ్డంగా ఉంది. జరిపాను. వెనక్కి దూరాను...

లోపల రోడ్డు లేదు. అంతా నీలం. నెత్తి మీద ఊరు... ఇళ్ళ అడుగులు, చెట్ల మొదళ్ళు, నడిచిపోతున్న మనుషుల పాదాలు. అంత బాగున్నదాన్ని నేనొక్కదాన్నే చూశాను. దాని బొమ్మ తీసి 'నేను కనిపెట్టాను' అని గుంపులో పెట్టేశాను.

అందరూ పొగిడారు. ఆ వారం రోజులూ నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆదివారం జోగమ్మ వచ్చింది. నా పోస్టుని తెర మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. నా పేరు దగ్గర వేలు ఆగింది.

"నేను పెట్టిన గుర్తు కనవడలేదా పద్మా?"

"లేదు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే నాలుగు మాటలు నేనూ అందామని సిద్ధంగా ఉన్నాను. ఆమె మాత్రం "అవ్... నేనే సరిగ పెట్టలే గావచ్చు" అంది.

ఆ రోజే ఇంకో సందు పట్టుకుంది. పోయేముందు జీపుని అడ్డం పెట్టి, గేమ్‌లో కనబడిన పీపాలన్నీ ఒక్కోటీ జీపుతో తోసుకొచ్చి దాని ముందు వరసగా పేర్చింది. చాలాసేపు పట్టింది. "ఇది కనవడుద్ది గదా?" అంది. వెటకారం కాదు... నిజంగానే అడిగింది.

దాన్ని నేను ముట్టుకోలేదు. అలాగని ఆమె పేరుతో గుంపులో పెట్టనూ లేదు. సిగ్గు పడ్డాక కూడా కుళ్ళు పోలేదు నాకు, ఏం చేయను...

పదో తరగతి అయ్యాక జోగమ్మ ఊరికి వెళ్ళిపోయింది. నెట్ సెంటర్ మూసేశాం. కొన్నేళ్ళకి ఆ సైటే మూతపడింది, గుంపూ పోయింది, నా గొప్ప పోస్టూ పోయింది. ఇప్పుడందరూ ప్రతి ఫోటో మీదా అడ్డంగా పేర్లు ముద్రించుకుంటున్నారు... అయినా ఎత్తుకుపోయేవాళ్ళు ఎత్తుకుపోతూనే ఉన్నారు. జీపు అడ్డం పెడితే చాలనుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మీరూ చిన్నప్పుడు ఎవరిదైనా తీసుకుని మీదని చెప్పుకుని ఉంటే, కింద రాయండి... ముందు వాళ్ళ పేరు రాయండి. నాది నేను రాస్తున్నాను.

ఆనకట్ట గోడలో సందు కనిపెట్టింది జోగమ్మ. గుర్తు నాకు కనబడింది. లైట్లు కూడా వేసే ఉన్నాయి.