చిన్నమ్మ తిన్న బలపాలు

నా చిన్నప్పుడు నా పలక కోసం కొన్న బలపాలన్నీ మా చిన్నమ్మే తినేసేది. అమరచింతకు ఆవల మా ఊరు. ఆమె మా చిన్నాయన భార్య. గద్వాల వైపు నుంచి కోడలిగా వచ్చి రెండేళ్లయింది, ఏడో నెల కడుపుతో ఉంది. నేను బడి నుంచి రాగానే గాదె వెనక్కి పిలిచి చెయ్యి చాపేది.

"అవ్వకు చెప్పకు బిడ్డా. నోరు ఊకుంటలేదు," అనేది.

మా ఇద్దరికే తెలిసిన రహస్యమని నాకు గొప్పగా ఉండేది. బలపం దొరకని రోజు ఆమె గోడ మట్టి గిల్లి నోట్లో వేసుకునేది. అది కూడా చూశాను, ఎవరికీ చెప్పలేదు.

నెల తిరిగేసరికి చిన్నమ్మ నీళ్ల బిందె దించి గడప మీద కూలబడటం మొదలైంది. పెదవులు పాలిపోయాయి. నాలుగడుగులు వేస్తే రొప్పు. మా అవ్వ, అంటే చిన్నమ్మకు అత్త, చెడ్డ మనిషి కాదు. ఏడుగురిని కని, కాన్పు రోజు దాకా చేనులో వంగి పని చేసిన మనిషి. "కడుపుతోనున్నోళ్లకు ఆయాసం రాకుంటదా? మేం కనలేదా?" అనేది. చిన్నమ్మ మళ్లీ లేచేది.

ఒక మధ్యాహ్నం వేరుశనగ కాయలు ఒలుస్తూ ఒలుస్తూ ఆమె పక్కకు ఒరిగిపోయింది. పిలిస్తే పలకలేదు. అవ్వ ఆమె ముఖం మీద నీళ్లు చల్లింది. చిన్నాయన సైకిల్ మీద వేగంగా పోయి, పక్క ఊరి చిన్న దవాఖానలో పనిచేసే నర్సమ్మను వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. అప్పటికి చిన్నమ్మ కళ్లు తెరిచింది.

నర్సమ్మ ఆమె కంటి కింది రెప్పను వేలితో లాగి చూసింది. గోళ్లు, అరచేతులు చూసింది. ఏం తింటున్నావని అడిగితే, అన్నమేనంది చిన్నమ్మ. అంటూనే నా వైపు చూసింది. ఆ చూపు నర్సమ్మ కంట పడింది. నన్ను పెరట్లోకి తీసుకుపోయి నా ఎదుట గొంతుకూర్చుంది.

"నువ్వు చెప్తే మీ చిన్నమ్మకు కోపమొస్తదేమో. చెప్పకుంటే ఆమెకేమయిందో నాకు తెల్వదు."

ఏడుస్తూ అంతా చెప్పేశాను.

లోపలికి వచ్చి ఆమె చిన్నమ్మను ఒక్క మాట అనలేదు. సూదితో ఆమె వేలు పొడిచి, రక్తం చుక్కను తెల్ల కాగితం మీద అద్దింది. తర్వాత తన వేలే పొడుచుకుని పక్కన మరో చుక్క అద్దింది. కాగితం అవ్వ చేతికిచ్చింది. నర్సమ్మ చుక్క చిక్కటి ఎరుపు. చిన్నమ్మది నీళ్లు కలిపినట్టుంది.

"రక్తంల ఇనుము తగ్గింది. మన్ను తినబుద్ధయ్యేది గూడ గందుకే. బద్దకం కాదమ్మా. కాన్పుల జర రక్తం పోయినా తట్టుకోదు. ఇప్పుడే పెద్ద దవాఖానకు తీస్కపోవాలె."

అవ్వ ఆ రెండు చుక్కలనూ మార్చి మార్చి చూసింది. "నేనే పని చెప్పిన," అని గొణిగి, బండిలో వేయడానికి తన పరుపు తెచ్చింది.

దవాఖానలో చిన్నాయన రక్తం ఎక్కించారు. చిన్నమ్మ బతికింది. నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల మాత్రం మూడు రోజులే ఉంది.

ఖాళీ చేతులతో ఆమె ఇంటికొచ్చిన రోజు నేను తలుపు చాటున దాక్కున్నాను. వెతుక్కుంటూ వచ్చి ఒళ్లోకి లాక్కుంది. "నువ్వు చెప్పబట్టే నేనున్న," అంది.

ఆమె మనసారా అన్న మాటే అది. కానీ నాకు ఇప్పటికీ సగమే ఊరట. ఇప్పుడు మా వీధిలో ఏ అమ్మాయి కడుపుతో ఉన్నా పక్కన కూర్చుని, ఏం తినాలనిపిస్తోందని మెల్లగా అడుగుతాను. రక్తపరీక్ష చేయించుకునే దాకా వదలను. ముసలామెకు పరేషాన్ ఎక్కువని నవ్వుతారు. నవ్వనీ. ఆ పసిగుడ్డు కోసం నేను నోరు తెరిచేసరికి నెల రోజులు ఆలస్యమైంది.