పసుపు బియ్యం, తెల్ల ఇసక

నా డైరీల్లో ప్రయాణాలకు ఒక పద్ధతి ఉంది. ఎడమ పేజీలో ఊళ్లు, మైళ్లు. కుడి పేజీలో చూసిన వింతలు. కొత్త పెళ్లికూతురైన అక్క అత్తవారింటికి బయల్దేరిన రోజు మాత్రం కుడి పేజీ సగంలో ఆగిపోయింది. మెర్డేకాకు, అంటే మలయు దేశపు స్వాతంత్ర్యానికి, ఇంకా కొన్నేళ్లుంది. అడవుల్లో తిరుగుబాటుదార్లు, రోడ్ల మీద సిపాయిలు. తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ కాలం.

బావ గుమస్తా. స్నేహితుణ్ణి అడిగి పాత కారు తెచ్చాడు. అక్కకు తోడుగా నన్ను పంపారు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా గుమ్మం దగ్గర అమ్మ అక్క ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోసి, కొంగుతో నడుముకు ముడి వేసింది.

"అత్తోరి దేముడి ముందరే ఇప్పాల. అందాకా ముడి ముట్టుకోకు," అంది.

అత్తవారి ఊరు హుటాన్ మెలింటాంగ్ చేరేలోపు వింతలన్నీ చూపిస్తానని బావ మాటిచ్చాడు: తగరం గనుల వాళ్లు వదిలేసిన ఇసక ఎడారి, నీళ్లలో తేలే తవ్వుడు యంత్రం, ఆఖర్న తెలుక్ ఆన్సన్‌లో పక్కకు ఒరిగిన గడియారపు గోపురం.

ముందుగా ఒక పాత గనుల ఊళ్లో ఆగాం. రెండు వరసల దుకాణాలు, మేకులు కొట్టిన తలుపులు. సర్కారు వాళ్లు జనాన్నంతా ముళ్లకంచె వెనక కట్టిన కొత్త ఊరికి తోలేశారు. మంగలి కుర్చీ ఒకటి వసారాలో మిగిలిపోయింది. బావ అందులో కూర్చుని, "రారా, గెడ్డం గియ్యి. ఈ ఊళ్లో ఇంకెవుడూ లేడు," అన్నాడు. ఎవరం నవ్వలేదు.

పక్క గోడ మీద సర్కారు నోటీసు. ఇక్కణ్ణించి ముందుకు బియ్యం, డబ్బా తిండి, మందులు తీసుకెళ్లకూడదు. అడవిలో వాళ్లకు అందుతాయని. నేను ప్రతి మాటా డైరీలో ఎక్కించాను. బావ పైకి చదివి వినిపించాడు. అక్క తలనొప్పి మాత్రలు కాలవలో పడేసింది. అమ్మ కట్టిచ్చిన పులిహోర అక్కడే తినేసి, గిన్నె కడిగి బోర్లించాం. అంత జాగ్రత్తపడ్డాం. ఒడిలో ఉన్నది కూడా బియ్యమేనని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. అది మాకు ఒడి. తిండి కాదు.

తర్వాత ఎడారి. కంటికి ఆనినంత మేర తెల్లటి ఇసక, గడ్డిపరక లేదు. మధ్యలో పచ్చటి నీళ్ల మడుగు, దాంట్లో తుప్పు పట్టిన యంత్రం.

"ఏటిరా, అలా రాసేస్తన్నావు?" అన్నాడు బావ. మలయు వాళ్ల "లా" అతని మాటల చివర అప్పుడప్పుడు దొర్లేది. "ఎడారి సూపిస్తానన్నాను, సూపించినాను. ఒంటె లేని లోటు నువ్వు తీర్చినావు లా."

అక్క ఆ రోజుకి అప్పుడే మొదటిసారి నవ్వింది. అదే ఆఖరు.

ఇసక దాటే చోట సిపాయిలు కారు ఆపారు. ఆడవాళ్లను సోదా చేసే మనిషి అక్క నడుము తడిమి, "బెరాస్!" అని అరిచింది. మలయులో బియ్యం. ముడి లాగేసరికి పసుపు గింజలు ఇసకలో చెల్లాచెదురయ్యాయి. అక్క మోకాళ్ల మీద కూలబడి ఒక్కొక్క గింజే ఏరడం మొదలుపెట్టింది.

"ఎవరికి తీసుకెళ్తున్నావు?" అని సిపాయిల మీది తెల్లదొర అడిగాడు.

"దేముడికి," అంది అక్క, తల ఎత్తకుండా. బావ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు.

"ఆ దేవుడు ఏ అడవిలో ఉంటాడు?"

సిపాయి ఒకడు అక్క చెయ్యి పట్టుకోబోతుంటే బావ అడ్డం వచ్చాడు. "నేనే కట్టుకోమన్నాను. ఆవిడికేటీ తెలీదు." అతన్ని లారీ ఎక్కించారు. నోటీసు చదివారా అని దొర నన్ను అడిగాడు. డైరీ అతని చేతిలోనే ఉంది. తెలుగు అతనికి రాదు. లేదన్నాను.

బావ పద్నాలుగు నెలలకు వదిలిపెడితే వచ్చాడు. ఉద్యోగం పోయింది. వీధిలోకి వెళ్లాలంటే చాలు, ఇంట్లో ప్రతి సంచీ విప్పి చూసేవాడు.

మెర్డేకా రోజు పొద్దున జెండా చూడ్డానికి ముగ్గురం బయల్దేరాం. వీధంతా జనం, కేకలు. అక్క గుమ్మంలో ఆగింది. బావ అడగకముందే కొంగు విప్పి, రెండు చేతులా పట్టుకుని దులిపి చూపించింది. ఆయన ఒట్టి కొంగును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తర్వాతే చెప్పులు తొడుక్కున్నాడు.