వాగు వెంట మోసిన సంచి

ఆదివారం పూట టిఫిన్ తిని ఇంట్లో పడుకోవలసిన మనిషిని, ఒక వాగులో బండల మీద చేతులూ కాళ్ళూ ఆనించి పాకుతున్నాను. జగిత్యాలలో జిరాక్స్ షాపు నడిపేవాడి కాళ్ళకు షాపు మెట్లే ఎక్కువ. ఇక్కడ మెట్లు లేవు. రెండు పక్కలా నిటారుగా లేచిన గుట్టలు, మధ్యలో మనిషెత్తు గుండ్లు, వాటి సందుల్లో మోకాలి లోతు నీళ్ళు. ధర్మపురి అవతల గోదావరిలో కలిసే వాగు ఇది. మేము దానికి ఎదురు నడుస్తున్నాం.

ఇదంతా కోరుట్లవాడి పుణ్యం. మేం ముగ్గురం ఇంటర్ నాటి దోస్తులం. ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం. సిరిసిల్లవాడు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. కోరుట్లవాడు మస్కట్‌లో కట్టడాల పని చేస్తూ, పోయినేడు పరంజా మీంచి పడి కుడి జబ్బకు దెబ్బ తగిలించుకుని ఇంటికొచ్చాడు. ఇప్పుడు మళ్ళీ వీసా వచ్చింది. పోతాడో పోడో సోమవారంలోగా ఏజెంటుకు చెప్పాలి. భార్య వద్దని ఏడుస్తోంది. మేమూ నెలల తరబడి వద్దనే చెబుతున్నాం. వాడు అవునూ అనడు, కాదూ అనడు. వాగు పైన ఒక మడుగుందట, చూసొద్దాం పదండి అన్నాడంతే. పోయేముందు మాతో ఒక రోజు గడపాలనుకున్నాడేమోనని నేను నా పొట్టనేసుకుని బయల్దేరాను.

వాగులో దిగేముందు వాడు జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. పరీక్షకైనా పాడె వెనకైనా తల దువ్వుకోనిదే కదలడు. ఎవరు చూస్తారురా ఇక్కడ, కోతులా, అన్నాను.

మొదటి మలుపు దాటేసరికే నాకు తిట్టడానికి కూడా ఊపిరి మిగల్లేదు. రోజంతా సాంచెల మధ్య నిలబడే సిరిసిల్లవాడికి చదును నేల తప్ప తెలియదు, పాచి పట్టిన ప్రతి బండా వాణ్ణి కూలేసింది. ఉన్న ఒక్క సంచీ కోరుట్లవాడే మోస్తున్నాడు. కాసేపు మాకివ్వమంటే ఇవ్వడు. ఎడమ భుజానికి మార్చుకోమన్నా వినడు. మస్కట్ పోయొచ్చిన షోకు చూపిస్తున్నాడని నాకు ఒళ్ళు మండింది.

మడుగు చేరాం. కోరుట్లవాడు ఫోన్లో చూపించినంత లేదు. దీనికోసమా మోకాళ్ళు అరగదీసుకున్నది అని గొణుక్కుంటూ పులిహోర డబ్బా కోసం సంచిలో చెయ్యి పెట్టాను. డబ్బా కింద పాత లుంగీలో చుట్టిన సిమెంటు ఇటుకలున్నాయి.

ఏందిరా ఇవి అంటే, వాడు నీళ్ళలోకి చూస్తూ చెప్పాడు.

"గాడ మస్కట్ల మోసుడే కదా పని. జబ్బ ఆగుతదో లేదో సూసుకుంటున్న. ఇంట్ల మోస్తే ఆమె సూస్తది."

సిరిసిల్లవాడికి కోపమొచ్చి ఇటుకలు మడుగులో పారేయబోయాడు. కోరుట్లవాడు వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. దిగేటప్పుడైనా నేను మోస్తానన్నా ఒప్పుకోలేదు.

"నీ భుజం మీద మోస్తే నాకేం తెలుస్తదిరా?"

దిగడం ఎక్కడం కంటే కష్టం. చెప్పు తెగింది. నేను మాత్రం దారి చూడకుండా వాణ్ణే చూస్తూ నడిచాను. వాడు తూలిన ప్రతిసారీ ఇక సంచి దించేస్తాడని ఆశపడ్డాను. దోస్తు ఓడిపోవాలని కోరుకుంటూ అంత దూరం నడవడం మనిషిని పిండేస్తుంది. వాడు దించలేదు. పొద్దున మా మోటారు బండ్లు పెట్టిన చోటికి వచ్చాకే సంచి కింద పెట్టి, మా వైపు చూసి నవ్వాడు. ఇక వీడు పోతాడు అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

వాడు అలవాటుగా దువ్వెన తీశాడు. కుడి చెయ్యి ఛాతీ దాకా లేచి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అక్కడే ఆగింది. నేనే దువ్వెన తీసుకుని వాడి తల దువ్వాను. పాపిడి వంకరగా వచ్చింది. వాడు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

ధర్మపురిలో చాయ్ దగ్గర ఆగాం. వాడు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

"ఏజెంటుకు నువ్వే చెప్పురా. నా నోట్లెకెల్లి వస్తలేదు."

ఇన్ని నెలలు నేను కోరుకున్నదే ఇది. అయినా వాడు వస్తలేడని చెప్పేసరికి మళ్ళీ వాగెక్కినంత ఆయాసం వచ్చింది. ఎందుకు రావట్లేదని ఏజెంటు అడిగాడు. ఎదురుగా వాడు ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని నా నోటి వైపే చూస్తున్నాడు.

"వాళ్ళింటామె వద్దంటుందన్నా," అన్నాను.

అప్పుడు గానీ వాడు చాయ్ తాగలేదు.